నా గొంతుకే పలికిన పెట్టె

గృహోపకరణముల పరీక్షాధికారిగారి సముఖమునకు,
రెండవ అంతస్తు, లిఫ్టు పనిచేయని వైపు.

అయ్యా,

విషయం: మా తోడల్లుడు తయారుచేసి అమ్మకానికి పెట్టబోవుచున్న “పిలుపు” అను పరికరమునకు తమరు ధ్రువపత్రం ఇవ్వరాదని, ఇవ్వక తప్పనిచో అందులో నా గొంతుకు గల వాటాను గుర్తించిన పిమ్మటనే ఇవ్వవలెనని కోరుట గురించి.

సూచిక: సదరు పరికరం మొదటి పరీక్షలో తప్పినదని తమ కార్యాలయం నుండి మా తోడల్లుడికి వచ్చిన ఉత్తరం. (దానిని నాకు చూపించినది అతడే. తన పరువు పోయే కాగితం కూడా నవ్వుతూ చూపిస్తాడు. అటువంటి మనిషి మీద కోపం తెచ్చుకోవడం ఎంత కష్టమో తమరు ఆలోచించండి.)

పై విషయమును పురస్కరించుకొని సవినయముగా మనవి చేసుకొనునది ఏమనగా, నేను బస్టాండులో ప్రకటనలు చదువు ఉద్యోగిని. “ప్రయాణికులకు విజ్ఞప్తి” అని తమరు ఏ బస్సు కోసం నిలబడినా ఇన్నేళ్లుగా విన్న గొంతు నాదే. ప్రతి ప్రకటననూ రెండుమార్లు చదవవలెనని మా నియమం. కావున ఈ అర్జీలో ఏ మాటయినా రెండుసార్లు కనిపించినచో అది పొరపాటు కాదు, అలవాటు. మరొక్కసారి మనవి, పొరపాటు కాదు, అలవాటు.

నేను మా అత్తగారికి పెద్దల్లుడిని, తయారీదారు చిన్నల్లుడు. అతడికి బజారులో రేడియోలు, మిక్సీలు, ఛార్జర్లు బాగుచేసే ఇరుకు గది ఒకటి ఉంది. చేతిలో ఎప్పుడూ సాల్డరింగ్ కడ్డీ పొగలు కక్కుతూ ఉంటుంది గనుక వీధంతా అతడిని ‘టంకం’ అంటుంది. నన్ను ‘మైకు’ అంటుంది. ఈ అర్జీలో అతడిని టంకం అనియే వ్రాయుదును. అసలు పేరు రాద్దామంటే చెయ్యి రావడం లేదు.

నా ఫిర్యాదులు ఈ దిగువన వరుసగా విన్నవించుకొనుచున్నాను.

1. అత్తగారి వినికిడిని గురించి.

మా అత్తగారికి చెవులు వినబడవు. ఎప్పుడో వచ్చిన జ్వరమొకటి తగ్గుతూ తగ్గుతూ వాటిని పట్టుకుపోయింది. చెవిలో పెట్టుకునే మిషను కొనిపెట్టాము. పెట్టుకుంటే తన నమలుడే తనకు వినబడుతోందని తీసి గుండీల డబ్బాలో పడేశారు. ఆవిడ బట్టల కొట్లకు గుండీలు, కాజాలు కుట్టి ఇస్తారు. ఆ ఇంట్లో కనబడకుండా పోయిన వస్తువేదైనా ఆ డబ్బాలోనే దొరుకుతుంది.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని సామెత. అయ్యా, నేను ఊదితే ఆవిడకు వినబడేది. అరిచి కాదు. అరవడం ఎవరికైనా చేతనవును. ఇంజన్లన్నీ మోగుతున్నచోట మాటను మాటగా నిలబెట్టడం వేరే విద్య. కడుపులోంచి తీయాలి, నిదానంగా వదలాలి, చివరి అక్షరం మింగకూడదు. “పెద్దల్లుడు మాట్లాడితే మాటొస్తుంది, మిగతావాళ్లు మాట్లాడితే గాలొస్తుంది” అని అత్తగారు చుట్టాలందరి ముందూ అన్నారు. అప్పుడు టంకం అక్కడే ఉన్నాడు, అవునవునని తలూపాడు కూడా.

అప్పటి నుంచి ఆవిడకు ఏది చెప్పాలన్నా నాకే కబురు వచ్చేది. కరెంటు బిల్లు పెరిగిందన్నా, ఎదురింటివాళ్లు ఖాళీ చేస్తున్నారన్నా, నా మరదలు, అంటే టంకం భార్య, నెల తప్పిందన్నా ఆవిడకు ప్రకటించింది నేనే. మరదలి సంగతి ఆవిడతోపాటు మూడు ఇళ్ల అవతలి వరకూ తెలిసిపోయింది. అది నా తప్పు కాదు, కిటికీలు తీసి ఉన్నాయి. ఆ ఇంటికి గొంతు నేను. నేను వెళ్లనిదే ఆవిడకు లోకం లేదు. ఇది గొప్పకు రాయడం లేదు. (కొంచెం గొప్పకే రాస్తున్నాను.)

2. నా ఉద్యోగమును గురించి.

తమరికి సంబంధం లేకపోయినా రాయక తప్పదు. బస్టాండులో ఇప్పుడు మిషను మాట్లాడుతోంది. ఎవరో అమ్మాయి ఎక్కడో గదిలో కూర్చుని ఒకసారి చదివి వెళ్లిపోయింది, ఇక ఏ బస్సు వచ్చినా ఆ అమ్మాయే. నన్ను పోయిన సామాన్ల గదిలో వేశారు. అక్కడ గొడుగులుంటాయి, టిఫిను డబ్బాలుంటాయి, జతలో ఒక చెప్పు ఉంటుంది. వాటితో మాట్లాడే అవసరం రాదు. కావున నా గొంతుకు పనున్న చోటు లోకంలో ఒక్కటే మిగిలింది, అది మా అత్తగారి గుమ్మం.

3. పరికరం పుట్టుకను గురించి.

అత్తగారు చిన్నకూతురి దగ్గరే ఉంటారు. ఒకనాడు నా మరదలు బజారు నుంచి వచ్చేసరికి ఇంటికి లోపల గడియ పెట్టి ఉంది. కొట్టింది, బాదింది, కిటికీలోంచి, అప్పుడే కొనుక్కొచ్చిన గరిటె లోపలికి విసిరింది. అత్తగారు అటు తిరిగి మిషను మీద కుట్టుకుంటున్నారు. “బావగారొస్తే వినబడుతుంది, ఆగండి” అని మరదలు అందరినీ ఆపి నాకు కబురు పెట్టింది. నేను వెళ్లేసరికి వీధి వీధంతా నమ్మకంగా నిలబడి ఉంది. నాకు దారి ఇచ్చారు. కిటికీ దగ్గర నిలబడి, కడుపులోంచి తీసి, “అత్తయ్యా” అని పిలిచాను. మరొక్కసారి పిలిచాను.

ఆవిడ తల తిప్పలేదు.

అంటే నా గొంతు కూడా ఆవిడకు గాలైపోయిందన్నమాట. ఎప్పుడైపోయిందో నాకు తెలియదు. దగ్గర కూర్చుంటే నా పెదాలు చూసి ఇప్పటికీ గడగడా జవాబు చెబుతారు. అందుచేత ఎవరికీ తెలిసిరాలేదు, నాకైతే అసలే తెలిసిరాలేదు. ఆ జనంలో నేను నిలబడిన నిలుపు తమకు వర్ణించలేను. చివరికి టంకం వచ్చి గడియ ఊడదీశాడు. అత్తగారు తలెత్తి, “తలుపు ఊడదీశారేం బాబూ, కొడితే తీసేదాన్నిగా!” అన్నారు.

ఆ వారంలోనే టంకం ఆ పెట్టె చేశాడు. ప్లాస్టిక్ సబ్బుపెట్టె ఒకటి, చచ్చిపోయిన సెల్‌ఫోన్‌లోంచి తీసిన కందిగింజంత మైకు, దాంట్లోనే ఉండే వణికే మోటారు, పైన ఎర్ర దీపం. మెడలో తాడుతో వేసుకోవాలి. ఎవరైనా పిలిస్తే దీపం వెలుగుతుంది, గుండెల మీద ఝుమ్మంటుంది. మొదట్లో అది దేనికైనా ఝుమ్మనేది. మిక్సీకి, వీధిలో హారనుకు, ఆవిడ సొంత దగ్గుకు కూడా. ఆవిడ దగ్గి, ఉలిక్కిపడి, ఎవరొచ్చారా అని చూసి మళ్లీ దగ్గేవారు.

అప్పుడు టంకం నా దగ్గరికి వచ్చాడు. “అన్నయ్యా, ఏ చప్పుడుకు పలకాలో నేర్పడానికి లోపల చిన్న మర పెట్టాను. ఒకే తీరున పొద్దంతా పిలవగలిగేది మీరొక్కరే. మీరు గుమ్మంలో నిలబడి పిలుస్తూ ఉండండి, నేను తిప్పుకుంటూ పోతాను” అన్నాడు. ఆదివారమంతా గుమ్మంలో నిలబడి “అత్తయ్యా, అత్తయ్యా” అని పిలిచాను. దారిన పోయేవాళ్లు ఆగి, ‘పాపం, అల్లుణ్ని లోపలికి రానివ్వడం లేదు కాబోలు’ అని జాలిపడ్డారు. సాయంత్రానికి పెట్టె దారిలోకి వచ్చింది. మిక్సీ తిరిగినా ఊరుకుంది, నేను పిలిస్తే పలికింది. మర కదలకుండా దాని మీద ఏదైనా చుక్క వేయాలని టంకం వాళ్లావిడ గోళ్లరంగు అడిగాడు. “కొత్త సీసా!” అని మరదలు మొత్తుకుంది. “ఒక్క చుక్కేనే” అని ఎర్రటి చుక్క ఒకటి మర మీద వేసి మూత బిగించాడు.

ఆనాటి నుంచి నేను గుమ్మంలో పిలిచి, చెప్పులు విప్పుకుని లోపలికి అడుగుపెట్టేసరికి నాకు కుర్చీ వేసి ఉండేది. పెద్దల్లుడిగా అది నాకు రావలసిన మర్యాద గనుక నేను దానిని ప్రత్యేకముగా గమనించలేదు. కుర్చీ సంగతి తమరు గుర్తుంచుకోవలెను, మళ్లీ వస్తుంది.

4. “ఒక అల్లుడి ఆలోచన” అను వాక్యమును గురించి.

ఇది అన్నింటిలోకీ ముఖ్యమైన ఫిర్యాదు. వీధిలో ఒకరు అడిగారు, వాళ్ల నాన్నకొకటి. పక్క వీధిలో ఇంకొకరు అడిగారు. టంకం వాళ్లకు చేసి ఇచ్చాడు. తరవాత దీనిని సరుకుగా చేద్దామనుకున్నాడు. సబ్బుపెట్టె పోయి తెల్లటి గుండ్రని డొప్ప వచ్చింది. ‘పిలుపు’ అని పేరు వచ్చింది. అట్టపెట్టె వచ్చింది. అట్టపెట్టె మీద మా అత్తగారి నవ్వు మొహం, దాని కింద ఎర్రటి అక్షరాలతో ‘ఒక అల్లుడి ఆలోచన’.

ఒక అల్లుడు! అయ్యా, ఆవిడకు ఉన్నదే ఇద్దరం. వాక్యం రాసేటప్పుడు రెండోవాడు వీడికి ఎక్కడికి పోయినట్టు? పైగా ఆ ఫోటో నా పెళ్లిరోజున తీసినది. పక్కనున్న నన్ను కత్తిరించేశారు. ఆవిడ భుజం పక్కన చొక్కా చెయ్యి ఒకటి కనబడుతుంది, జాగ్రత్తగా చూడండి. ఆ మోచెయ్యి నాది. సొమ్మొకడిది, సోకొకడిది అంటే ఇదే. గొంతు నాది, గుమ్మంలో నిలబడ్డ కాళ్లు నావి, పేరు మాత్రం అతడిది.

అడిగేశాను. “ఏం తమ్ముడూ, ఒక అల్లుడంటే ఏ అల్లుడు?” అన్నాను. టంకం తల గోక్కున్నాడు. “అచ్చు వేసేవాడు ఏదో ఒకటి రాయమంటే రాశానన్నయ్యా. మీరు చెప్పండి, మారుద్దాం” అన్నాడు. ఎంత తేలిగ్గా అనేశాడో చూడండి! పోట్లాడితే నేనూ పోట్లాడేవాడిని. మారుద్దాం అంటే ఏం చేయాలి? నేను బిగుసుకుని “అబ్బే, ఊరికే అడిగాను” అని వచ్చేశాను.

మా ఆవిడ సంగతి వేరే ఫిర్యాదుగా రాయాలి గానీ ఆవిడ ఈ ఇంట్లోనే ఉంటుంది. మధ్యాహ్నం పని ముగియగానే చెల్లెలి ఇంటికి పోయి అట్టపెట్టెలు మడతపెడుతుంది. వచ్చి, “మా మరిది ఎంత ఒద్దికగా చేస్తాడండీ, తీగలన్నీ జడ అల్లినట్టు ఉంటాయి” అంటుంది. నా ఇంట్లో, నా ఎదుట, నా కంచం ముందు. “ఆ గొంతు నాదే, వాడుకున్నాడు” అన్నాను. “వాడుకుంటే మాత్రం? మీ గొంతేమైనా అరిగిపోయిందా?” అంది. ఏరు దాటి తెప్ప తగలేశాడని నేను. “మిమ్మల్ని ఎవరండీ తగలేసింది, నిన్ననేగా అన్నయ్య భోజనానికి రాలేదేమని అడిగాడు” అని ఆవిడ. ఇటువంటి వాదనలో నెగ్గిన మగవాడిని తమరెక్కడైనా చూశారా?

నాకు కడుపు మండుతోంది. కార్యాలయ భాషలో దీనికి తగిన మాట ఏదో నాకు తెలియదు. బజారులో అతడి గది ముందు నుంచి వెళ్లలేక చుట్టు తిరిగి వెళుతున్నాను. ఎవరైనా “మీ తోడల్లుడు భలేవాడండీ” అంటే ‘అవునండీ’ అనే మాట నా నోట్లోంచి వస్తోంది గానీ దాని చివరి అక్షరం మింగేస్తున్నాను. నా వృత్తిలో నేను ఏనాడూ చేయని పని అది.

5. మొదటి పరీక్షను గురించి.

తమ నిబంధన ప్రకారం మూడు నమూనాలు ఇవ్వాలి. టంకం చేసిన కొత్తవాటిలో ఒకటి దారిలో కిందపడి పగిలింది. గడువు ఆ రోజుతో ఆఖరు. అతడు పరుగున వచ్చి అత్తగారి మెడలోని పెట్టెను అడిగి తీసుకుని, దాని లోపలి సరంజామాను కొత్త డొప్పలో బిగించి మూడోదిగా పెట్టి ఇచ్చాడు. ఆవిడ కాదనలేదు. అత్తసొమ్ము అల్లుడు దానం చేయడమంటే ఇన్నాళ్లూ మాట వరసకే విన్నాను.

తమ సిబ్బంది పిలిచారు. ఆడవారు పిలిచారు, మగవారు పిలిచారు, కాపలావాడు వచ్చి కేక వేశాడు. మూడింటిలో ఒక్కటీ వెలగలేదు. ఉత్తరం చూసినప్పుడు నాకు కలిగిన ఆనందాన్ని దాచను. ఆ రోజు రెండోసారి వడ్డించుకుని తిన్నాను.

మర్నాడు టంకం దారిలో పగిలిన పెట్టెను అతికించి పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. మొహం వాడిపోయి ఉంది. “ఒకసారి పిలవండన్నయ్యా” అన్నాడు. పిలిచాను, వెలిగింది. “వదినా, మీరు” అన్నాడు. మా ఆవిడ పిలిచింది, ఊరుకుంది. అతడు పిలిచాడు, ఊరుకుంది. మళ్లీ నన్ను పిలవమన్నాడు, వెలిగింది. టంకం పగలబడి నవ్వాడు. “అన్నయ్యా! ఇది మిమ్మల్ని తప్ప ఎవర్నీ లెక్కచెయ్యదు!” అన్నాడు.

జరిగినది ఇది. మర బిగించినది నా గొంతుకు. తరవాత చేసిన ప్రతి పెట్టెనూ అత్తగారి పెట్టెను చూసి అలాగే బిగించాడు. సరిచూడడానికి ప్రతిసారీ నన్నే పిలిపించుకున్నాడు, ‘మీ గొంతైతే ఠంచనుగా పలుకుతుంది’ అని. ఆ ఇంట్లో మిగతావాళ్లు ఆవిడను గొంతెత్తి పిలవడం ఎన్నడో మానేశారు, దగ్గరికి వచ్చి భుజం తడతారు. అందుచేత అది ఇంకెవరికీ పలకదన్న సంగతి తమ కార్యాలయం వరకూ వచ్చేదాకా ఎవరికీ తెలియలేదు. ముందు కొనుక్కున్న ఇద్దరు ముగ్గురు తమకే వాడడం రావడం లేదనుకుని ఊరుకున్నారట, వాళ్లకు అతడు పరుగెత్తి వెళ్లి సరిచేసి వచ్చాడు.

6. పరికరమును చెడగొట్టుటను గురించి.

తప్పు తెలిసిన తరవాత టంకం ఏం చేసినాడనగా, వీధిలోని గొంతులన్నీ పోగుచేశాడు. చెప్పులు కుట్టే ఆయన, జలుబు చేసిన గుమాస్తా, పాలావిడ, ఎదురింటి చిన్నపిల్ల, అందరినీ గుమ్మంలో నిలబెట్టి పిలిపించి, ఎవరు పిలిచినా పలికేటట్లు లోపల మార్చేశాడు. నన్ను కూడా ఆ వరుసలో నిలబడమన్నాడు. పాలావిడ తరవాత! నేను పని ఉందని వెళ్లిపోయాను.

ఇది మెరుగుదల అని అతడు తమకు చెప్పును. కాదు. మనిషిని ఎరిగిన పెట్టెను ఎవరినీ ఎరగని పెట్టెగా చేయడం మెరుగెలా అవుతుంది? బస్టాండులో నా మైకు ఒక మిషను తీసుకుంది. ఇక్కడ మిగిలిన గుమ్మాన్ని ఇంకో మిషను తీసుకుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు.

ఇప్పుడు కుర్చీ. కొత్త పెట్టె మెడలో వేసుకున్నప్పటి నుంచి అత్తగారు నాకు కుర్చీ వేయడం మానేశారు. గుమ్మంలో పిలుస్తాను, చెప్పులు విప్పుతాను, లోపలికి వెళతాను, కుర్చీ గోడ పక్కనే ఉంటుంది. ఆవిడ తల వంచుకుని కాజాలు కుట్టుకుంటూ ఉంటారు. నేనే లాక్కుని కూర్చుంటున్నాను. చిన్నల్లుడి ఆలోచన అట్టపెట్టెకెక్కేసరికి పెద్దల్లుడు ఇంతటివాడైపోయాడు. అడగడానికి నామోషీ. మింగలేక, కక్కలేక ఈ అర్జీ రాసుకొనుచున్నాను.

కావున ప్రార్థన:

(అ) సదరు కొత్త పెట్టెకు ధ్రువపత్రం నిరాకరించవలెను. (ఆ) అది కుదరనిచో అట్టపెట్టె మీద ‘ఇద్దరు అల్లుళ్ల’ అని సవరింపజేయవలెను, అందులో పెద్దవాడిని ముందు చెప్పవలెను. (ఇ) అదీ కుదరనిచో నా మోచేతిని ఆ బొమ్మలోంచి పూర్తిగా తీసివేయించవలెను. ఉంటే మొత్తం ఉండాలి, లేకపోతే ఏమీ ఉండరాదు.

ఇందులోని మంటను తీసి పక్కన పెట్టి, మిగిలినది చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
పెద్దల్లుడు.

తా.క.

అయ్యా, పై అర్జీ ముగించిన పిమ్మట సాక్షి సంతకం ఉంటే బలంగా ఉంటుందని తోచి, కొత్త పెట్టె తనకు బాగాలేదని అత్తగారి చేత రాయించుకుందామని వెళ్లాను. ఆవిడ బాగా చదువుతారు, చెవులు పోయాక కళ్లతోనే కాలక్షేపం. టంకం గదిలో ఉంటాడు, మరదలు బజారుకు పోయే వేళ అని చూసుకునే వెళ్లాను.

గుమ్మంలో నిలబడి పిలిచాను. ఆవిడ మెడలో ఎర్రగా వెలిగింది. నేను కళ్లారా చూశాను. ఆవిడ తలెత్తలేదు. మరొక్కసారి పిలిచాను. మళ్లీ వెలిగింది, మళ్లీ తలెత్తలేదు, సూదిలో దారం ఎక్కించుకుంటున్నారు. ఝుమ్మన్నది తెలిసి కూడా చూడలేదంటే ఇక నాకు ఈ ఇంట్లో ఏం మిగిలింది? వెనక్కి తిరిగి వచ్చేద్దామనుకున్నాను. అర్జీ చేతిలో ఉంది గనుక లోపలికి వెళ్లి ఎదురుగా నిలబడ్డాను.

“అయ్యో, మీరా!” అని ఆవిడ లేచి కుర్చీ లాగబోయారు. “ఎవరోలే అనుకున్నా బాబూ. ఇది పొద్దస్తమానం ఝుమ్మంటూనే ఉంటుంది. పాలావిడ పక్కింటివాళ్లని పిలిచినా ఝుమ్మే, వీధిలో పిల్లలు అరుచుకున్నా ఝుమ్మే. మొదట్లో చూసేదాన్ని. ఎన్నిసార్లని చూస్తాం?”

నేను అర్జీ ఇచ్చాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని మొదటి నుంచి చదివారు. చదువుతున్నంతసేపూ నేను గుండీల డబ్బా వైపు చూస్తూ కూర్చున్నాను. నాలుగో నంబరు దగ్గర నవ్వారు. నా చేత అట్టపెట్టె తెప్పించుకుని మోచెయ్యి చూశారు, మళ్లీ నవ్వారు. ఆరో నంబరు చివరికి వచ్చేసరికి నవ్వడం ఆపి కళ్లజోడు తీసేశారు.

“కుర్చీ నేను మానేయడమేంటి? పాతది ఝుమ్మంటే మీరే. ఇంకెవరికీ అది పలికేది కాదుగా! ఆ సంగతి మీకందరికీ ఇప్పుడు తెలిసింది గానీ నాకు మొదటి వారంలోనే తెలుసు. తలెత్తి చూసే పని కూడా ఉండేది కాదు. గుండెల మీద ఝుమ్మనగానే పెద్దల్లుడొచ్చాడని లేచి కుర్చీ వేసేదాన్ని. ఇప్పుడిది ఝుమ్మంటే ఎవరని వెయ్యను?”

అయ్యా, ఆదివారమంతా నన్ను గుమ్మంలో నిలబెట్టి టంకం చేసిన పని ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. గాలైపోయిన నా గొంతును అతడు ఆ సబ్బుపెట్టెలో పెట్టి ఆవిడ గుండెల మీద వేలాడదీశాడు. చేసినవాడికీ తెలియదు, పిలిచినవాడికీ తెలియదు. నేను దాని మీద ఇన్ని కాగితాలు తిట్టాను.

“తెలిస్తే చెప్పలేదేం అత్తయ్యా? చిన్నల్లుడు పరీక్షలో తప్పేవాడు కాదుగా” అన్నాను. ఆవిడ నా పెదాలు చూసి కొంచెం సిగ్గుపడ్డారు. “అందరివీ అంతేనని నాకేం తెలుసు? నా ఒక్కదానిదే అనుకున్నా. చెబితే బాగుచేసేస్తాడని ఊరుకున్నా” అన్నారు.

సంతకం మాత్రం పెట్టనన్నారు. “చిన్నల్లుడి మీద నేనెందుకు పెడతాను? నాలాంటివాళ్లు ఊళ్లో ఎంతమంది! వాళ్లకి ఎవరు పిలిచినా తెలియాలా వద్దా? ఆ కొత్తది వాళ్లకి మంచిదే. నాకు మాత్రం పాతదే కావాలి. అడుగుదామంటే, కష్టపడి చేసినవాడితో ఇది బాలేదు, పాతదే బావుందని ఎలా అంటాను బాబూ? మనసు కష్టపెట్టుకుంటాడు. మీరు కూడా అనకండి.”

కావున పై ఒకటి నుండి ఆరు వరకు గల ఫిర్యాదులన్నియు రద్దు చేయబడినవి. మరొక్కసారి మనవి, రద్దు చేయబడినవి. కొత్త పెట్టె పరీక్షలో నెగ్గినచో దానికి ధ్రువపత్రం ఇవ్వగలరు. ‘ఒక అల్లుడి ఆలోచన’ అను వాక్యము కూడా ఉండనివ్వండి, ఆలోచన అతడిదే. అసూయ పోయిందా అంటే పోలేదు. అతడి గది ముందు నుంచి వెళ్లడానికి ఇంకా కొన్నాళ్లు పడుతుంది. మోచెయ్యి విషయంలో కూడా నేను అదే మాట మీద ఉన్నాను.

ఇప్పుడు అసలు ప్రార్థన. తప్పిన నమూనాలు తిరిగి ఇవ్వబడవని, ఈ నెలాఖరున నలగగొట్టి పారవేయబడునని తమ ఉత్తరంలో ఉంది. ఆ మూడింటిలో ఒకటి మా అత్తగారిది. పైడొప్పలు ఒకే మాదిరిగా ఉన్నందున పోల్చుకోవడం కష్టం. మూత విప్పి చూడవలెను. తక్కిన రెండింటిలో మర మీద తెల్లటి జిగురు ఉంటుంది. మాదాని మీద ఎర్ర గోళ్లరంగు చుక్క ఉంటుంది. దయచేసి ఆ ఒక్కదానిని నలగగొట్టవద్దు. ఆ చుక్కను గీకవద్దు, మరను తిప్పవద్దు, సరిగా పనిచేస్తున్నదో లేదోనని ఎవరూ దానిని పిలిచి చూడవద్దు. తమరెవరికీ అది పలకదు. అది దాని దోషం కాదు.

ఇంటిలో ఏర్పాటు చేసుకున్నాము. కొత్తది కుట్టుమిషను ఎదురుగా మేకుకు తగిలిస్తారట, మెడలో పాతది. రెండు చూస్తే టంకం ఏమైనా అనుకోడా అన్నాను. “ఒకటి చాలక సరుకులోంచి రెండోది కూడా తీసుకుందని మురిసిపోతాడు” అన్నారు ఆవిడ. నిజమే, మురిసిపోతాడు. ఇన్నాళ్లకు అతడి మీద నాకు ఒక గెలుపు దొరికింది, అది ఎవరికీ ప్రకటించడానికి వీల్లేదు. మా ఆవిడకు కూడా చెప్పలేదు. ప్రకటనలు చదివేవాడికి ఇంతకంటె శిక్ష లేదు గానీ బాగానే ఉంది.

పెట్టెను తీసుకోవడానికి నేనే స్వయంగా వస్తాను, రెండు అంతస్తులూ మెట్ల మీదనే. పాత కాగితంలో చుట్టి ఇప్పించగలరు, దారిలో టంకం ఎదురుపడితే పోయిన సామాన్ల గదికి చెందినదని చెబుతాను. ఈ ఆదివారం గుమ్మంలో నిలబడి ఒక్కసారి మాత్రమే పిలుస్తాను. చెప్పులు విప్పుకుని లోపలికి వెళ్లేసరికి కుర్చీ వేసి ఉన్నచో, తమరు సరియైన పెట్టెనే ఇచ్చినారని తెలుసుకుంటాను.